తెగిన నల్లపూసలతో మొదలుపెట్టండి

పూసల నగలు చేసి అమ్ముదామనుకునేవాళ్ళు చాలామంది మొట్టమొదట బజారుకెళ్తారు. బేగంబజార్‌లోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో గోడ నిండా వేలాడే దండలు చూశాక చెయ్యి ఊరుకోదు. గాజు పూసలు, అగేట్లు, ముత్యాల్లాంటివి, బంగారు రంగు గొలుసులు అన్నీ సంచిలో పడతాయి. నాలుగైదు వేలు ఖర్చయ్యాక ఇంటికొచ్చి యూట్యూబ్ పెట్టుకుని కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది, తెచ్చిన పిన్ను తెచ్చిన పూసలో దూరదని. ఆ తర్వాత ఆ సంచి మంచం కిందికి ఎలా చేరుతుందో చెప్పక్కర్లేదు.

నేనైతే ముందు పూసలు కొనొద్దంటాను. మీ ఇంట్లో, మీ ఆఫీసులో, మీ అపార్ట్‌మెంట్‌లో తెగి మూలన పడి ఉన్న నగలను బాగుచేయడంతో మొదలుపెట్టమంటాను. ఏ ఇంట్లోనైనా బీరువా సొరుగులో ఒక చిన్న డబ్బా ఉంటుంది. అందులో జత పోయిన కమ్మ, కొక్కెం ఊడిన గొలుసు, ప్లాస్టిక్ కవర్లో పోసి ముడేసిన నల్లపూసలు ఉంటాయి. వాటిని కంసాలి దగ్గరికి తీసుకెళ్తే "గిల్టువి మేం పట్టమమ్మా" అంటాడు. కొన్న షాపుకెళ్తే "ఇది బాగు కాదు, కొత్త మోడల్ చూడండి" అంటారు. పగలంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రం గంటసేపు తీరిక చిక్కే మనిషికి సరిపోయే పని ఇక్కడే ఉంది. సరుకు కొని నిల్వ పెట్టక్కర్లేదు. అమ్ముడుపోకుండా మిగిలిపోతుందన్న భయం లేదు. వస్తువు వాళ్ళది, చేతిపని మాత్రమే మీది.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. యాభై నగలు బాగుచేసేసరికి నగ ఎక్కడ తెగుతుందో మీకు కంఠతా వచ్చేస్తుంది. పూస పగలడం అరుదు. గొలుసు మధ్యలో తెగడమూ తక్కువే. ఊడేదల్లా ఒకదానికొకటి కలిపిన చోట: రింగు నోరు తెరుచుకుంటుంది, కొక్కెం దగ్గర తీగ విరుగుతుంది, లాకెట్ పైనున్న చుట్టు సాగుతుంది. పూసల నగల పనిలో అందం అందరికీ కనిపిస్తుంది గానీ డబ్బు తెచ్చేది మాత్రం అతుకు. అతుకు గట్టిదని పేరొస్తే డిజైన్ మామూలుగా ఉన్నా రెండోసారి వస్తారు. డిజైన్ ఎంత కొత్తదైనా పెళ్ళి మధ్యలో కమ్మ జారి అన్నం విస్తట్లో పడితే ఆ ఇంటి నుంచి మళ్ళీ ఫోన్ రాదు.

పనిముట్లకు పెద్దగా ఖర్చు లేదు. మొన గుండ్రంగా ఉండే రౌండ్ నోజ్ ప్లయర్ ఒకటి, మొన చదునుగా ఉండేవి రెండు, తీగ కత్తిరించే సైడ్ కట్టర్ ఒకటి కావాలి. చదునువి రెండెందుకంటే రింగు తెరవాలంటే రెండు చేతుల్లోనూ ప్లయర్ ఉండాలి. ఒకటే కొని రెండో చేత్తో గోరు వాడేవాళ్ళ గోళ్ళు విరుగుతాయి, రింగులు వంకర పోతాయి. ప్లయర్ లోపలి వైపు పళ్ళు ఉండకూడదు. కరెంటు పనివాళ్ళ ప్లయర్‌కి పళ్ళుంటాయి, అవి మెత్తటి తీగ మీద గాట్లు పెడతాయి. ఈ నాలుగూ మామూలు రకంవి వెయ్యి రూపాయల లోపే వస్తాయి. వాటితోపాటు ఒక స్టీలు స్కేలు, పూసలు దొర్లిపోకుండా ఒక పాత టవల్ ముక్క, తెల్లటి వెలుగిచ్చే టేబుల్ లైటు. లైటు దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. పగలంతా కంప్యూటర్ చూసిన కళ్ళతో రాత్రి తొమ్మిదింటికి సన్నటి చిల్లులోకి తీగ దూర్చాలి మరి.

తీగ లావును గేజ్‌లో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 18 గేజ్ ఒక మిల్లీమీటరు, 20 గేజ్ దాదాపు 0.8, 22 అయితే 0.64, 24 అయితే అర మిల్లీమీటరు, 26 అయితే 0.4. రింగులకు, కొక్కేలకు 20 వాడండి. పూసకు రెండు వైపులా చుట్టు తిప్పాలంటే 22 గానీ 24 గానీ తీసుకోండి. ముత్యాల చిల్లు చాలా సన్నం కాబట్టి వాటికి 24, ఒక్కోసారి 26 దాకా వెళ్ళాల్సొస్తుంది. నేర్చుకునేటప్పుడు మామూలు రాగి తీగ చాలు. రాగిని ఒకచోట వంచి, సరిచేసి, మళ్ళీ వంచుతూ పోతే ఆ చోటు గట్టిపడి పుటుక్కున విరుగుతుంది. అందుకని ఒక వంపు రెండుసార్లకు కుదరకపోతే ఆ ముక్క పక్కన పడేసి కొత్తది తీసుకోవడమే మేలు.

ఇక రింగు సంగతి. చేతిపని నగల్లో సగం ఫిర్యాదులు ఈ చిన్న రింగు దగ్గరే పుడతాయి. జంప్ రింగును తెరిచేటప్పుడు నోరు రెండు పక్కలకీ లాగి వెడల్పు చేయకూడదు. అలా లాగితే గుండ్రం పోతుంది, తిరిగి మూసినా సన్నటి సందు మిగులుతుంది, ఆ సందులోంచి గొలుసు జారుతుంది. రింగు చీలిక పైకి వచ్చేలా రెండు ప్లయర్లతో రెండు పక్కలా పట్టుకోండి. కుడి చేతిని మీవైపు, ఎడమ చేతిని అవతలివైపు తిప్పండి. నోరు పక్కకి తప్పుకుని తెరుచుకుంటుంది, గుండ్రం మాత్రం అలాగే ఉంటుంది. మూసేటప్పుడు అదే దారిన వెనక్కి తెచ్చి, ఒక్క వెంట్రుకవాసి అవతలికి దాటించి, మళ్ళీ ఇవతలికి లాగాలి. రెండు కొసలూ ఒకదానికొకటి రాసుకుని చిన్న చప్పుడు వినిపిస్తుంది, ఆ చప్పుడు వచ్చాకే పని అయినట్టు. అనుమానముంటే ఒక సన్నటి దారప్పోగు రింగులో పెట్టి చుట్టూ తిప్పండి. ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ సందు ఉందన్నమాట. లాకెట్ వేలాడే చోట, కొక్కెం తగిలించే చోట సన్నటి రింగు వేయొద్దు. అక్కడ అతికేసిన రింగులు వేయాలి, లేదా తాళాల గుత్తికి ఉండేలాంటి రెండు చుట్ల స్ప్లిట్ రింగులు వేయాలి.

పూసకు చుట్టు తిప్పడం రెండు రకాలు. మొదటిది సాదా చుట్టు. ఒక కొస చదునుగా ఉండే హెడ్‌పిన్నులో పూస ఎక్కించి, పూస మీదే తీగను లంబకోణంలో వంచి, సెంటీమీటరు కంటే కొంచెం తక్కువ ఉంచి కత్తిరించి, రౌండ్ నోజ్ మొనతో గుండ్రంగా దొర్లించాలి. రెండు కమ్మల చుట్లు ఒకే సైజులో రావడం కొత్తవాళ్ళకు కష్టం. దీనికో చిట్కా ఉంది: ప్లయర్ మొన కింద లావు, పైన సన్నం కదా, మీకు నచ్చిన చుట్టు ఎక్కడ పట్టుకుంటే వచ్చిందో అక్కడ నల్లటి మార్కర్‌తో గీత పెట్టుకోండి. ఇక ప్రతిసారీ ఆ గీత మీదే తిప్పడం. రెండోది మెడ చుట్టు. దీనికి మూడు నాలుగు సెంటీమీటర్ల తీగ వదలాలి. పూసకూ చుట్టుకూ మధ్య రెండు మిల్లీమీటర్ల మెడ ఉంచి, పైన చుట్టు తిప్పి, మిగిలిన తీగను ఆ మెడకు రెండు మూడు సార్లు బిగించి చుట్టి, కొసను ఆనించి కత్తిరించి లోపలికి నొక్కేయాలి. గొలుసుకు గానీ ఇంకో పూసకు గానీ తగిలించాల్సి ఉంటే మెడ చుట్టకముందే తగిలించాలి. చుట్టేశాక ఇక దారి లేదు, తెంచి మళ్ళీ చేసుకోవాల్సిందే. సాదా చుట్టు తేలికపాటి కమ్మలకు సరిపోతుంది. రోజూ మెడలో ఉండేవాటికి, బరువున్నవాటికి మెడ చుట్టే వేయాలి.

పూసలన్నీ వరుసగా గుచ్చే దండలకు బజార్లో గేర్ వైర్ అమ్ముతారు. సన్నటి స్టీలు తీగలను పేనినట్టు కలిపి, పైన నైలాన్ పూత పూస్తారు. దీన్ని దారంలా ముడేస్తే నిలవదు. గేర్ లాక్ అనే చిన్న లోహపు పూసను నొక్కి బిగించాలి. కొక్కెం తగిలించిన వైరు కొసను వెనక్కి మడిచి, గేర్ లాక్‌లోంచీ పక్కనున్న మూడు నాలుగు పూసల్లోంచీ వెనక్కి దూర్చి, అప్పుడు నొక్కాలి. బల్ల మీద తిన్నగా పరిచి చివరి గేర్ లాక్ బిగించారనుకోండి, మెడలో వేసుకున్నప్పుడు దండ కర్రలా నిలబడుతుంది, నెల తిరక్కుండా కొక్కెం దగ్గర వైరు విరుగుతుంది. మెడ వంపులో గుండ్రంగా పెట్టి, రెండు మిల్లీమీటర్ల సడలింపు ఉంచి బిగించండి. పూసలు కొంచెం కదలాలి.

ముత్యాలకు మాత్రం పట్టుదారమే మంచిది. పత్తర్‌గట్టీ దుకాణాల్లో ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేసి ఇవ్వడం చూసే ఉంటారు. ముడి వల్ల ముత్యాలు ఒకదానికొకటి రాసుకుని అరగవు. తెగినా ఒకటి రెండే జారతాయి, దండంతా చెదిరిపోదు. దారం కొసకు కొంచెం నెయిల్ పాలిష్ రాసి ఆరనిస్తే సూదిలా గట్టిపడి చిల్లులోకి సులువుగా పోతుంది. ముడి బిగించేటప్పుడు సూదిమొనను ముడి లోపల పెట్టి, ముత్యం దాకా జరిపి, సూది లాగేస్తూ బిగించాలి. ఇది చేయి తిరగడానికి కొన్ని వారాలు పడుతుంది. కానీ ముత్యాలు తిరగగుచ్చేవాళ్ళు చిన్న ఊళ్ళలో ఎక్కువమంది లేరు. పెళ్ళినాటి హైదరాబాద్ ముత్యాల దండ దారం పసుపు తిరిగి సాగిపోయి ఉన్న ఇల్లాళ్ళకు కొదవ లేదు.

నల్లపూసల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. చేతిపని ఎలాగూ ఉంటుంది, మనుషుల పట్టింపులూ తెలిసుండాలి. చాలామంది ముత్తయిదువలు మెడలోంచి నల్లపూసలు తీసి మరొకరి ఇంట్లో రాత్రంతా వదలడానికి ఇష్టపడరు. మంగళ, శుక్రవారాల్లో అసలే తీయరు. "వదినా, ఇప్పుడే కూర్చుని కట్టిచ్చేస్తాను, కాఫీ తాగేలోపు అయిపోతుంది" అనగలిగితే పని మీదే. కాబట్టి నల్లపూసల రిపేర్లకు ఆదివారం ఉదయం రెండు గంటలు కేటాయించుకుని ఎదురుగా కూర్చోబెట్టి చేసివ్వండి. నల్లపూసల మధ్య బంగారు గుండ్లు గానీ బంగారు లాకెట్ గానీ ఉంటే వాళ్ళ ముందే లెక్కపెట్టి, ఫోన్లో ఫొటో తీసి, ఆ ఫొటో వాళ్ళకే వాట్సాప్‌లో పంపి అప్పుడు ముట్టుకోవాలి. మొదటి ఏడాది బంగారం ఉన్న నగను ఇంట్లో రాత్రిపూట అట్టిపెట్టుకోకపోవడమే క్షేమం. ఎంత దగ్గరి చుట్టాలైనా సరే.

నల్లపూసల ధర దగ్గరే చాలామంది మోసపోతారు, కొనేవాళ్ళు కాదు, చేసేవాళ్ళు. 24 అంగుళాల గొలుసు గేర్ వైర్ మీద గుచ్చితే ఇరవై నిమిషాల పని. అదే గొలుసును నాలుగు మిల్లీమీటర్ల పూసకు రెండు వైపులా తీగ చుట్లు తిప్పుతూ ఒకదానికొకటి కలుపుకుంటూ పోతే సెంటీమీటరుకు ఒక లంకె చొప్పున దాదాపు అరవై లంకెలు వస్తాయి. ఒక్కోదానికి నిమిషంన్నర వేసుకున్నా గంటన్నర పని. దూరం నుంచి చూస్తే రెండూ నల్లపూసల గొలుసులే కాబట్టి చూసేవాళ్ళు ఒకే ధర అడుగుతారు. మీరు కూడా ఒకే ధర చెబితే ఆ గంటన్నర గాల్లో కలిసినట్టే.

గంటకు మీ రేటు ఎంతో ముందు తేల్చుకోండి. మీ జీతం నెలకు 18,000 అనుకుందాం, 26 రోజులు, రోజుకు 8 గంటలు. మొత్తం 208 గంటలు, అంటే గంటకు 86 రూపాయలు. సాయంత్రం అలసిపోయి చేసే పనికి అంతకన్నా తక్కువ తీసుకోవడంలో అర్థం లేదు కాబట్టి గంటకు 90 అనుకోండి. ఇప్పుడు ఒక జత వేలాడే కమ్మలు చూద్దాం: కొక్కేలు 6, పిన్నులు, రింగులు 4, పూసలు 10, అట్ట, కవరు 5. మొత్తం 25. చెడిపోయేవి, దొర్లిపోయేవి కలిపి 28. చేయడం, ఫొటో, ప్యాకింగ్ అన్నీ కలిపి ఇరవై నిమిషాలు, అంటే 30. మొత్తం 58. మీ దగ్గరికే తిరిగొచ్చే రిపేర్లకూ, అమ్ముడుపోనివాటికీ ఐదో వంతు కలిపితే 70. ఇది షాపువాడికి మీరు చెప్పాల్సిన ధర. వినియోగదారుకు నేరుగా చెప్పే ధర ఇంతకన్నా ఎక్కువుండాలి, ఎందుకంటే షాపువాడు చేసే అమ్మకం పని అప్పుడు మీరే చేస్తున్నారు. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవే, మీ ఊరి ధరలతో మార్చుకోండి. లెక్క వేసే తీరు మాత్రం మార్చకండి. కాలక్షేపానికి చేస్తున్నానంటూ కూలి వదిలేసి అమ్మేవాళ్ళు పక్క వీధిలో దీని మీదే బతికే ఇంకో ఆడమనిషి ధర కూడా పడగొడుతున్నారు.

రిపేర్లతో చేయి తిరిగి, అడిగేవాళ్ళు తయారయ్యాక అప్పుడు బజారుకెళ్ళండి. అప్పటికి ఏం కావాలో చీటీ మీద రాసుకుని వెళ్ళగలుగుతారు. పూసల దండ మామూలుగా 16 అంగుళాలుంటుంది. ఎనిమిది మిల్లీమీటర్ల పూసలైతే దండకు యాభై, ఆరైతే అరవై ఆరేడు, నాలుగైతే వంద. ఈ లెక్క తెలిస్తే దండ ధర విని పూస ధర మనసులోనే వేసుకోవచ్చు. హైదరాబాద్‌లో బేగంబజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్, విశాఖలో కురుపాం మార్కెట్ చుట్టుపక్కల, నెల్లూరు, తిరుపతి వాళ్ళకైతే చెన్నై ప్యారీస్ కార్నర్. గాజు సరుకు ఎక్కువగా ఫిరోజాబాద్ వైపు నుంచి, అగేట్లు గుజరాత్‌లోని ఖంభాత్ నుంచి, రంగురాళ్ళు జైపూర్ నుంచి వస్తాయి. మన దగ్గరా పూసల ఊరు ఉంది. శ్రీకాళహస్తికి దగ్గర్లోని పాపానాయుడుపేటలో కరిగిన గాజును పొడవాటి గొట్టంగా లాగి, ముక్కలు చేసి పూసలు తీసే పద్ధతి తరాలుగా సాగింది. పురాతన కాలంలో అరికమేడు లాంటి రేవుల నుంచి ఆగ్నేయాసియా దాకా వెళ్ళిన చిన్న గాజు పూసల పద్ధతి ఇదేనని దాన్ని చూడటానికి విదేశీ పరిశోధకులు ఆ ఊరు వచ్చారు. మీ నగ వెనక అట్ట మీద పూస ఎక్కడిదో ఒక్క వాక్యం నిజంగా రాయగలిగితే కొనేవాళ్ళు ఆగి చదువుతారు. తెలియనప్పుడు మాత్రం రాయకండి.

లోహం గురించి నిజం చెప్పడం ఇంకా ముఖ్యం. మచిలీపట్నం పక్కన చిలకలపూడి పేరుతో రోల్డ్ గోల్డ్ నగలు తరాలుగా అమ్ముడయ్యాయి. అవి బంగారం కాదని కొనేవాళ్ళకూ తెలుసు, అమ్మేవాళ్ళూ దాచలేదు. ఇప్పుడు "వన్ గ్రామ్ గోల్డ్", "మైక్రో గోల్డ్" అని రకరకాల పేర్లు. అసలు బంగారు నగలకు 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. కాబట్టి మీ సరుకు మీద "బంగారు పూత" అనో "ఇత్తడి మీద పాలిష్" అనో ఉన్నదున్నట్టు రాయండి. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు; రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం అది. నికెల్ పడనివాళ్ళకు చెవి తమ్మె ఎర్రబడి, దురద పుట్టి, నీరు కారుతుంది. అలాంటివాళ్ళకు 92.5 వెండి కొక్కేలు గానీ సర్జికల్ స్టీలువి గానీ వేయాలి. స్టీలులోనూ నికెల్ ఉంటుంది గానీ చర్మానికి దిగేది చాలా తక్కువ. చెవులకు ఏమైనా పడవా అని ఆర్డర్ తీసుకునేటప్పుడే అడగండి.

పాలిష్ మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. బంగారు పూత నీళ్ళలో చాలాచోట్ల సైనైడ్ కలిసిన లవణాలు వాడతారు. వంటగదీ పిల్లలూ ఉన్న ఇంట్లో చేసే పని కాదది. పాలిష్ యూనిట్‌కి ఇచ్చి చేయించుకోండి. తీగ ముక్కలతోనూ జాగ్రత్త. కత్తిరించేటప్పుడు కొసను వేలితో మూసి పట్టుకోకపోతే ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. రాగి, ఇత్తడి ముక్కలు అయస్కాంతానికి అంటుకోవు కాబట్టి పని అయ్యాక నేల మీద వెడల్పు సెల్లో టేపు అద్ది తీయాలి. పాకే పిల్లలున్న ఇంట్లో దీన్ని రేపటికి వాయిదా వేయొద్దు.

నగతోపాటు ఇచ్చే చీటీలో నాలుగు మాటలు చాలు. సెంటు కొట్టుకున్నాక వేసుకోవాలి, ముందు కాదు. స్నానానికి తీయాలి. తుడిచి జిప్ కవర్లో పెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఇత్తడి తొందరగా నల్లబడుతుందని అక్కడివాళ్ళకు ముందే చెప్పాలి. పూత లేని ఇత్తడి, రాగి నగలను చింతపండుతో తోముకోవచ్చు. ముత్యాలున్న నగకు చింతపండు, నిమ్మకాయ తగలనివ్వకూడదు. పులుపుకు ముత్యం మెరుపు పోతుంది, మళ్ళీ రాదు. పూత ఉన్నవాటికీ వద్దు.

ఈ పని పేరు చెప్పి జరిగే మోసాలు తక్కువేం లేవు. "ఇంట్లో కూర్చుని పూసలు గుచ్చండి, నెలకు ముప్ఫై వేలు" అని కరెంటు స్తంభాల మీదా ఫోన్లలోనూ ప్రకటనలు చూస్తుంటాం. రిజిస్ట్రేషన్‌కనో కిట్‌కనో రెండు మూడు వేలు కట్టించుకుంటారు. పూసలు పంపుతారు. మీరు రాత్రిళ్ళు మేలుకుని గుచ్చి పంపితే "క్వాలిటీ రాలేదు, రిజెక్ట్" అంటారు. ఆ తర్వాత ఫోన్ మోగుతుంది గానీ ఎత్తరు. పని ఇచ్చేవాడు పనివాళ్ళ దగ్గరే ముందు డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి. డబ్బు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ ఖాతాలో డబ్బు ఆపడం కష్టమవుతుంది.

ఉచితంగా నేర్పే చోట్లు ఉన్నాయి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణా సంస్థల్లో, అంటే ఆర్‌సెటీల్లో, కాస్ట్యూమ్ జ్యూయలరీ కోర్సు ఉంది. భోజనం, వసతి కూడా వాళ్ళదే. మీ జిల్లాలో ఆ కోర్సు ఎప్పుడు పెడతారో లీడ్ బ్యాంకులోనో, డ్వాక్రా సంఘం ద్వారానో కనుక్కోండి. 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కంసాలి పని ఉంది గానీ పూసల నగల తయారీ లేదు. ఆ పథకం ఇప్పిస్తానని ఎవరైనా దళారి డబ్బు అడిగితే ఇవ్వకండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం. ముద్ర శిశు రుణం 50,000 వరకు ఇస్తారు. నా మాట అడిగితే ఈ పనికి మొదటి ఏడాది అప్పు అక్కర్లేదు.

ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఇంకో విషయం చూసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగులకు, కేంద్రంలోనైనా రాష్ట్రంలోనైనా, 1964 నాటి ప్రవర్తనా నియమాలు వర్తిస్తాయి. అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. ఇంట్లోవాళ్ళ పేరు మీద నడిపితే ఆ సంగతి పైఅధికారికి తెలియజేయాలనే నిబంధనా ఉంది. ప్రైవేటు కంపెనీల్లో నియామక పత్రం తీసి ఇంకో ఆదాయం గురించి ఏం రాశారో చదవండి. జీతం ఒక్కటే ఉన్నవాళ్ళు వేసే ఐటీఆర్-1 వ్యాపార ఆదాయం ఉన్నవాళ్ళకు చెల్లదు. ఇమిటేషన్ నగలపై జీఎస్టీ 3 శాతం. సరుకు అమ్మకాలు ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పక్క రాష్ట్రానికి పంపాలన్నా, ఆన్‌లైన్ సైట్లలో పెట్టాలన్నా నిబంధనలు వేరు, మొదటి పార్సెల్ కట్టకముందే ఒకసారి ట్యాక్స్ లెక్కలు చూసేవాళ్ళను అడగండి.

ఇక ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్న: ఉద్యోగం మానేసి పూర్తిగా దీని మీదే కూర్చోవచ్చా? శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం ముందు పది రోజులు ఫోన్ ఆగదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం పెళ్ళిళ్ళకు మ్యాచింగ్ సెట్లు, పసుపు ఫంక్షన్‌కి పూల నగలు, ఓణీల వేడుకకు రిటర్న్ గిఫ్టులు అడుగుతారు. తెలంగాణలో బతుకమ్మ రోజుల్లో చేతినిండా పని. ఆ నెలల ఆదాయం చూసి రాజీనామా రాయకండి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, మూఢం వస్తే రెండు మూడు నెలలు పెళ్ళిళ్ళే ఆగిపోతాయి. అలాంటి నెలల్లో రిపేర్లు, తిరగగుచ్చే పనులు మాత్రమే వస్తాయి. రెండు ఆషాఢాలు వరసగా, సరుకు ఖర్చు తీసేశాక, ఇంటి అద్దెకూ పిల్లల ఫీజులకూ సరిపోయేంత మిగిలితే అప్పుడు ఆలోచించండి. అప్పటిదాకా ఆ ఖాళీ నెలను తర్వాతి శ్రావణానికి సరుకు చేసి పెట్టుకోవడానికి వాడుకోండి: కొక్కేలు వంచి, చుట్లు తిప్పి, సైజులవారీగా డబ్బాల్లో వేసుకుంటే పండగ ముందు వచ్చిన ఆర్డర్లను రాత్రి పన్నెండు దాకా కూర్చోకుండా పూర్తి చేయొచ్చు.